వాత పెట్టే కలం

మా వంటింట్లో వెల్లుల్లిపాయలు పోసుకునే మామిడి చెక్క గిన్నె ఒకటుంది. లేతు మీద నేనే తీశాను. అంచు చుట్టూ 16 ఆకులు రావాలి. రెండే ఉన్నాయి. మూడోది ఆకు కాదు, మిరియపు గింజంత నల్లమచ్చ. మా ఆవిడ ఆ పక్కని గోడవైపు తిప్పి పెడుతుంది. కావాలనే పెడుతుందో, అలా కుదురుతుందో అడిగే ధైర్యం నాకింతవరకూ రాలేదు.

ఆ మచ్చ పెట్టింది సోల్డరింగ్ ఐరన్. చెక్క మీద కాల్చి బొమ్మలేసే సరదా పుట్టిన చాలామందిలాగే నేనూ రేడియో రిపేరు వాళ్లు వాడే 25 వాట్ల ఐరన్‌తోనే మొదలెట్టాను. నాలుగైదు వందల్లో వస్తుంది, రాగి బిట్లు మార్చుకోవచ్చు. పలక మీద పేరు రాసుకోవడానికీ, తాళంచెవుల చెక్కముక్క మీద పువ్వు వేసుకోవడానికీ దానికి వంక పెట్టక్కర్లేదు. గిన్నె దగ్గరికొచ్చేసరికి దాని బండారం బయటపడింది.

పెన్ను పట్టుకున్నప్పుడు వేలికీ పాళీకీ మధ్య దూరమెంత? మహా అయితే మూడు సెంటీమీటర్లు. సోల్డరింగ్ ఐరన్‌ని అంత దగ్గర పట్టుకుంటే చర్మం ఊడొస్తుంది. దాని పిడి ఎక్కడో పది సెంటీమీటర్ల అవతల మొదలవుతుంది. బల్ల మీద పరిచిన పలకైతే మణికట్టు ఆనించి ఎలాగో నెట్టుకురావచ్చు. గిన్నె అలా కాదు. గీత సాగుతున్నకొద్దీ ఒళ్లు వంపు తిరిగి కిందకి జారిపోతూ ఉంటుంది. కర్ర చివర పిండి కట్టి, దూరంగా నించుని ముగ్గు వేయమన్నట్టుంటుంది.

వేడి సంగతి ఇంకోటి. రాగి బిట్టు బాగా కాగడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. చెక్కని తాకగానే ఉన్న వేడి కాస్తా చెక్క లాగేసుకుంటుంది. అది మళ్లీ పుంజుకునేలోపు మనకి ఓపిక చచ్చి నొక్కుతాం. నొక్కితే చెక్క నలుగుతుంది తప్ప కాలదు. అంతలో వేడి అందుకుంటుంది, చెయ్యి అక్కడే ఉంటుంది, మచ్చ పడుతుంది. దానికి తోడు దుంగని పలకలుగా కోసి తీసిన గిన్నెలో నార అంతటా ఒకలా ఉండదు. చుట్టూ తిరిగొచ్చేసరికి రెండుచోట్ల పొడుగ్గా పడుకుని ఉంటుంది, రెండుచోట్ల కోసిన చివర్లు పైకి తేలి ఉంటాయి. ఒకే వేడికి ఇక్కడ లేత బెల్లం రంగు, అక్కడ బొగ్గు. వేడిని అప్పటికప్పుడు పెంచి తగ్గించే వీలు లేని పనిముట్టు అక్కడ చేతులెత్తేస్తుంది.

అందుకే తీగ పాళీ పెన్ను. ఇందులో వేరే బిట్టంటూ ఉండదు. వంచిన చిన్న నైక్రోమ్ తీగే పాళీ. నికెల్, క్రోమియం కలిపిన ఈ లోహానికి ఆల్బర్ట్ మార్ష్ అనే అమెరికన్ 1906లో పేటెంట్ తీసుకున్నాడు. మన హీటర్లలో ఎర్రగా వెలిగే తీగ అదే. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె వోల్టేజీని బాగా దించి, కరెంటుని పెంచి పంపుతుంది. వెల్డింగ్ మిషన్ తమ్ముడనుకోండి. నాబ్ తిప్పితే నాలుగైదు సెకన్లలో కాగుతుంది, ఊదితే చల్లారుతుంది. వేళ్లు పాళీకి మూడు సెంటీమీటర్ల దగ్గరికి చేరతాయి.

ధర మాత్రం వేలల్లో ఉంటుంది. కొనేవాళ్లు ఇరవై పాళీల అట్టపెట్టె చూసి మురిసిపోవద్దు. పెట్టె నుంచి పెన్నుకి వెళ్లే వైరు చూడండి. ఆంపియర్లు ఎక్కువ కాబట్టి వైరు లావుగా ఉండాలి, సన్నదైతే పాళీకి చేరాల్సిన వేడి దారిలోనే ఖర్చయిపోతుంది. పాళీలు మూడు చాలు. గీతకి కత్తి పాళీ, చుక్కకి గుండు పాళీ, నీడకి గరిటె పాళీ. పేర్లు నేను పెట్టుకున్నవే.

అమెరికా నుంచి తెప్పించుకుందామనే ఆలోచన ఉంటే నా కథ వినండి. మా బావమరిది సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి ఒకటి తెచ్చాడు. ప్లగ్గుకి అడాప్టర్ తగిలించి స్విచ్చి వేశాను. అది 120 వోల్టులది, మన గోడలో ఉన్నది 230. వోల్టేజీ రెండింతలకి దగ్గరైతే వేడి దాదాపు నాలుగింతలవుతుంది. రెండు నిమిషాలు దేదీప్యమానంగా వెలిగి పోయింది. “బావా, మీకు నచ్చిందా?” అని వాడు ఫోన్ చేస్తే, నచ్చిందనే చెప్పాను.

కరెంటు రాకముందు ఈ పనికి వాడిన యంత్రం పుట్టింది వైద్యుడి గదిలో. 1870లలో పాకెలాన్ అనే ఫ్రెంచి డాక్టరు, పుండ్లు కాల్చడానికి బోలు ప్లాటినం మొన ఒకటి తయారుచేశాడు. రబ్బరు బుడ్డి నొక్కుతూ పెట్రోలియం ఆవిరి పంపిస్తుంటే మొన ఎర్రగా ఉండిపోయేది. చెక్క మీద బొమ్మలేసేవాళ్లు దాన్ని ఎత్తుకుపోయారు. కర్రు కాల్చి వాత పెట్టడం మనకీ తెలిసిన వైద్యమే. కాకపోతే ఆ కర్రుతో పువ్వులేసినట్టు నేను వినలేదు.

మనవాళ్లకి ఆ అవసరమూ పడలేదేమో. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రని లేతు మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టేస్తుంది. మొగలాకుతో రుద్దితే అద్దం. అక్కడొక పెద్దాయనకి నా పెన్ను చూపిస్తే చేతిలో అటూ ఇటూ తిప్పి, “కర్ర తిరుగుతుంటే వేడి అదే పుడతాది కదా బాబూ, మళ్లీ దీనికి కరెంటెందుకు?” అన్నాడు.

ఆ మాటతో నాకో అలవాటు మారింది. గిన్నె చుట్టూ వలయాలు కావాలంటే ఇప్పుడు పెన్ను ముట్టుకోను. ఉలి మొనతో సన్నగా గాడి తీసి, తిరుగుతున్న గిన్నె మీద ఉక్కు గిటారు తీగ అదిమి పడతాను. పొగ లేస్తుంది, పావు నిమిషంలో నల్లని గీత, అచ్చు గుద్దినట్టు. తీగ రెండు కొసలకీ చెక్క పిడులు కట్టుకోవాలి. వేళ్లకి చుట్టుకున్నారో, తీగ గిన్నెలో చిక్కుకుంటే వేళ్లు దక్కవు. పెన్ను ఆకులకీ లతలకీ మాత్రమే. లక్కా వార్నిషూ కాల్చడం అయ్యాకే. పూత మీద కాలిస్తే వచ్చే పొగ పీల్చదగ్గది కాదు.

ఆకులు వేయడానికి అంచు చుట్టూ కాగితపు పట్టీ చుట్టి, దాన్ని నాలుగుసార్లు మడిస్తే 16 సమభాగాలు. మడతల దగ్గర పెన్సిలు గుర్తులు. ఇక పాళీ ఆనించడం. ఇది మా అమ్మ ముగ్గు వేయడం చూస్తే పట్టుబడింది. పిండి రాలకముందే ఆవిడ చెయ్యి కదులుతూ ఉండేది, పిండి ఆగాక కూడా జానెడు దూరం గాల్లో వెళ్లేది. అందుకే ఆవిడ గీతకి మొదట్లో ముద్ద గానీ చివర్లో ముద్ద గానీ ఉండేది కాదు. పాళీ కూడా అంతే, కదులుతూ వాలాలి, కదులుతూ లేవాలి.

కొత్త గిన్నె పట్టినప్పుడల్లా వేడి సరిపోయిందో లేదో ముందు అడుగున చూసుకుంటాను. నాలుగు చుక్కలు, రెండు గీతలు, ఒక వంకర ఆకు. మొన్న ఒకాయన గిన్నె బోర్లించి, “ఏ భాషండీ ఇది, మీ సంతకమా?” అన్నాడు. అవునన్నాను.