మేరీ ఎక్కడికి పోయింది?
సావిత్రి అభిమానులతో ఒక మాట

సావిత్రి గురించి మాట్లాడుకోవడం తెలుగువాళ్ళకు తరగని ముచ్చట. పెళ్ళిపందిట్లోనో రైలు పెట్టెలోనో పాత సినిమాలు చూసినవాళ్ళు ఇద్దరు కలిస్తే చాలు, మాట 'దేవదాసు' (1953) దగ్గర మొదలై 'మాయాబజార్' (1957) మీదుగా 'మూగమనసులు' (1964) దాకా పోతుంది. ఒకాయన ఆమె కళ్ళ గురించి చెబుతాడు. ఒకామె ఆమె నవ్వు గురించి చెబుతుంది. 'మిస్సమ్మ'లో మేరీ వేషం మొదట భానుమతిదనీ, కొంత షూటింగు కూడా అయ్యాక చక్రపాణితో తగాదా వచ్చి ఆమె తప్పుకుందనీ, రెండో నాయిక వేషానికి వచ్చిన సావిత్రిని ఆ పెద్ద వేషం వరించిందనీ ఇంకొకరు అందుకుంటారు. వందసార్లు విన్న కథే. అయినా అందరూ మళ్ళీ వింటారు. సావిత్రి 1981 డిసెంబరులో చనిపోయింది. 2018లో 'మహానటి' వచ్చాక, ఆమె సినిమా ఒక్కటి కూడా థియేటర్లో చూడని పిల్లలు సైతం ఈ ముచ్చట్లలో చేరారు.

ఈ అభిమానాన్ని వెక్కిరించే ఉద్దేశం మాకు లేదు. ఇందులో మా వాటా కూడా ఉంది. నాట్లకీ కలుపులకీ పోయొచ్చి, పొయ్యి మీద ఎసరు దించి, టూరింగ్ టాకీసులో నేల టికెట్టు కొని, ఇసకలో చతికిలబడి సావిత్రి కోసం ఏడ్చిన ఆడవాళ్ళు మా అమ్మలూ మా పిన్నమ్మలూ. ఊళ్ళో దొరసానుల ముందు నోరెత్తలేనివాళ్ళు తెరమీద సావిత్రి నోరెత్తితే చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లను ఎవరూ రాసిపెట్టలేదు. సావిత్రి మీద వచ్చిన వ్యాసాల్లో 'తెలుగింటి ఆడపడుచు' అన్న మాట మాటిమాటికీ కనబడుతుంది. ఆ తెలుగిల్లు ఊళ్ళో ఏ వైపున ఉంది? పెద్దవీధిలోనా, పల్లెలోనా? ఈ ప్రశ్న వేసుకోకుండా జరిగే ముచ్చట ఎంత తియ్యగా ఉన్నా అది సగం ముచ్చటే.

అందుకే అభిమానులు ఎక్కువగా ఇష్టపడే 'మిస్సమ్మ'నే తీసుకుందాం. విజయా వాళ్ళు తీశారు, ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు, 1955 జనవరిలో విడుదలైంది. కథ అందరికీ తెలిసిందే. మేరీ చదువుకున్న క్రైస్తవ అమ్మాయి. ఉద్యోగం కావాలి. ఊళ్ళో బడి నడిపే జమీందారు గోపాలానికి మొగుడూ పెళ్ళాలైన టీచర్లు కావాలి. ఎం.టి. రావు అనే హిందూ నిరుద్యోగితో కలిసి మేరీ పెళ్ళయినట్టు నటించి ఆ ఉద్యోగం సంపాదిస్తుంది. హిందూ ఇల్లాలి వేషం వేయాల్సి వచ్చినందుకు అడుగడుగునా చిరాకు పడుతుంది. చివర్లో తేలేదేమిటంటే మేరీ అసలు మేరీయే కాదు. చిన్నప్పుడు తప్పిపోయిన జమీందారు పెద్దకూతురు మహాలక్ష్మి. కాలి మీద పుట్టుమచ్చ సాక్ష్యం. శుభం.

అభిమానులు ఈ ముగింపు దగ్గర హాయిగా నవ్వుకుని లేస్తారు. 'ఎంత ఆరోగ్యకరమైన హాస్యం!' అంటారు. మేం లేవలేకపోతున్నాం. మేరీ ఎక్కడికి పోయిందని వెతుక్కుంటున్నాం.

అసలు 'మిస్సమ్మ' అన్న మాట ఎక్కడిది? మిషను బళ్ళు నడిపిన తెల్ల ఆడవాళ్ళను, ఆ తర్వాత ఆ బళ్ళలో చదివి పాఠాలు చెప్పిన మనవాళ్ళను జనం పిలుచుకున్న పేరది. కోస్తా జిల్లాల్లో క్రైస్తవం ఎవరి ఇళ్ళలో నిలిచిందో చరిత్ర చెబుతూనే ఉంది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు. ఆ రోజుల్లో వాళ్ళకు పలకా బలపం ఇచ్చిన బడి మరొకటి లేదు. ఊరి బడి అరుగు మీదకే రానివ్వలేదు గదా! అలాంటి పల్లెల నుంచి అక్షరం ముక్క నేర్చుకుని ఆడవాళ్ళు పంతులమ్మలయ్యారు, నర్సులయ్యారు, బైబిలు స్త్రీలయ్యారు. సొంత జీతం తీసుకుని, గొడుగేసుకుని ఊళ్ళోకి నడిచొచ్చిన ఆ తరం ఆడవాళ్ళ నీడ 'మిస్సమ్మ' అన్న పేరులోనే ఉంది.

సినిమా ఈ నీడను వాడుకుంది గానీ మనిషిని పేరుపెట్టి పిలవలేదు. మేరీ కులం ఏమిటన్న మాటే సినిమాలో రాదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీసినప్పుడు కులం పేరు సినిమా పేరులోనే ఉంది. పదిహేడేళ్ళు గడిచేసరికి ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. మతం మాటున కులాన్ని దాచారు. మతభేదాన్ని హాస్యం చెయ్యొచ్చు, కులభేదాన్ని హాస్యం చేస్తే గొడవ. ఇది సినిమావాళ్ళకు బాగా తెలుసు.

ఇక ముగింపు చేసే పని చూడండి. మేరీ తెలివైంది, చదువుకుంది, అభిమానం గలది, ఎవరికీ తలవంచదు. ఇవన్నీ ఎక్కడ నుంచి వచ్చాయి? పాల్ అనే ఒక మామూలు క్రైస్తవుడి ఇంట్లో పెరిగితే వచ్చాయి. కానీ పుట్టుమచ్చ బయటపడగానే లెక్క మొత్తం తిరగబడుతుంది. 'చూశారా, జమీందారు బిడ్డ గనకే అంత ఠీవి' అని ప్రేక్షకుడు తనకు తానే చెప్పుకునే వీలు దొరుకుతుంది. పెంచిన ఇల్లు ఇచ్చిన చదువు కన్న ఇంటి నెత్తుటి ఖాతాలో జమ అవుతుంది. కష్టం ఒకరిది, కీర్తి ఇంకొకరిది. మన పొలాల్లో జరిగేది తెరమీదా జరిగింది. అప్పు పేరు చెప్పి మేరీని పెళ్ళికోసం వేధించే డేవిడ్ మాత్రం మొదటినుంచీ చివరిదాకా క్రైస్తవుడే. అతనికి ఏ పుట్టుమచ్చా లేదు. మంచి క్రైస్తవురాలు హిందువుగా తేలుతుంది, నవ్వులపాలైన క్రైస్తవుడు క్రైస్తవుడిగానే మిగిలిపోతాడు. పెంచిన పాల్ దంపతులు ఎంతమంది అభిమానులకు గుర్తున్నారు?

'ఇది సినిమా, అన్నిట్లోనూ కులమేనా?' అని అడిగేవాళ్ళు ఉంటారు. వాళ్ళను తెరమీంచి చూపు తిప్పి 1950 రాష్ట్రపతి ఉత్తర్వు చూడమంటున్నాం. షెడ్యూల్డు కులాల జాబితా ఇచ్చిన ఆ ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాడని చెప్పింది ఆ పేరా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితులను, ముస్లిం దళితులను బయటే ఉంచారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ పేరా తీసెయ్యమని సిఫారసు చేసినా తీయలేదు. 'మిస్సమ్మ' వచ్చింది ఆ ఉత్తర్వు వచ్చిన అయిదేళ్ళకు. సినిమావాళ్ళు ఉత్తర్వు చదివి కథ రాసుకున్నారని మేం అనడం లేదు. రెండూ ఒకే మాట చెబుతున్నాయని అంటున్నాం. మేరీకి మహాలక్ష్మి అయితేనే వాటా, మేరీగా ఉంటే లేదు.

ఈ మాట మా పల్లెల్లో ఎలా అమలవుతోందో చెప్పడానికి పుస్తకాలు అక్కర్లేదు. చర్చిలో మేరీ, బడి రిజిస్టర్లో లక్ష్మి. ఆదివారం ఏసుదాసు, సోమవారం వెంకటేశ్వర్లు. ఒక మనిషికి రెండు పేర్లు, ఒక్కో గుమ్మం ముందు ఒక్కో పేరు. పెళ్ళి శుభలేఖ మీద ఏ పేరు వేయాలి, సమాధి రాయి మీద ఏ పేరు చెక్కాలి అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడతారు. పల్లె నుంచి యూనివర్సిటీ దాకా వచ్చిన మొదటి తరం వాళ్ళలో చాలామందికి ఇంటిపేరు కంటే ముందు తెలిసిన భయం ఇది. క్రైస్తవులమని చెప్పుకుంటే కులం సర్టిఫికెట్టు బీసీ-సి అవుతుంది, వాటా ఒక్క శాతానికి పడిపోతుంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం స్వీకరించినవాళ్ళకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని ఒక పాస్టరు వేసిన కేసులో చెప్పింది. కారంచేడులో (1985), చుండూరులో (1991) గొడ్డళ్ళతో వచ్చినవాళ్ళు బాప్తిస్మం సర్టిఫికెట్లు అడిగారా? పల్లె ఎటుందో చూసుకుని వచ్చారు. కొట్టేటప్పుడు కులం ఉంటుంది, కోర్టుకు పోయేసరికి మతం అడ్డొస్తుంది.

తెరమీద పేరు మారితే నవ్వొస్తుంది. బతుకులో పేరు మారితే ఏమవుతుందో ఇంకో నటి చెబుతుంది. ఆమెకు అభిమానుల గుంపు లేదు. మలయాళంలో తొలి కథాచిత్రంగా చెప్పే 'విగతకుమారన్'ను జె.సి. డేనియల్ 1920ల చివర్లో మొదలుపెట్టాడు. అందులో నాయర్ స్త్రీ వేషం వేసింది పి.కె. రోసీ. ఆమెది పులయ కులం. దళిత స్త్రీ తమ ఇంటి ఆడదానిగా తెరమీద కనబడటం అగ్రకులాల వాళ్ళకు సహించలేదు. సినిమా ఆడుతుంటే తెరమీద రాళ్ళు రువ్వారు, ఆమె మీద దాడి చేశారు. రోసీ తమిళనాడుకు పారిపోయి రాజమ్మాళ్ పేరుతో బతికింది. ఆమె నటించిన ఆ సినిమా ప్రతి కూడా మిగల్లేదు. చూసి ముచ్చటపడటానికి మనకేమీ లేదు.

రోసీని, మేరీని పక్కపక్కన నిలబెట్టి చూడండి. మేరీ జమీందారు ఇంట్లోకి నడిచొస్తే జనం చప్పట్లు కొట్టారు, ఎందుకంటే ఆమె ఆ ఇంటి పిల్లేనని కథ హామీ ఇచ్చింది. రోసీకి అలాంటి హామీ ఇచ్చే పుట్టుమచ్చ లేదు. పై కులం నటి కింది వేషం వేస్తే అది కళ, కింది కులం నటి పై వేషం వేస్తే అది నేరం. అభిమానం ప్రతిభను చూసి పుడుతుందని మనం అనుకుంటాం. ప్రతిభ కనబడాలంటే ముందు మనిషిని తెరమీద నిలబడనివ్వాలి గదా?

ఇంత చెప్పాక, మరి సావిత్రిని వదిలేసుకోవాలా? అక్కర్లేదు. సావిత్రి గొప్పతనం ఏమిటో మాకూ తెలుసు. 'మాయాబజార్'లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి ఆమె నటించిన తీరు చూడండి. సుకుమారి ఒంట్లో రాక్షసుడు నడుస్తాడు, ఉలిక్కిపడి మళ్ళీ సుకుమారి అవుతాడు. ఒక ఒంట్లో ఇద్దరు మనుషులను ఉంచగలగడం, ఒకరిని ఇంకొకరు మింగకుండా చూడటం ఆమెకు వచ్చిన విద్య. 'మిస్సమ్మ'లోనూ ఆమె అదే చేసింది. ఇల్లాలి వేషం వేసిన ప్రతి సన్నివేశంలో లోపలున్న మేరీ మూతి విరుస్తూనే ఉంటుంది, కళ్ళెర్ర చేస్తూనే ఉంటుంది. రావు మీద విసుక్కునే మేరీ, ఒంటరిగా కూచుని మేరీమాతను ప్రార్థించే మేరీ, తన జీతం తను సంపాదించుకునే మేరీ. సినిమా నిడివిలో ఎక్కువ భాగం ఈ అమ్మాయిదే. మహాలక్ష్మికి దక్కింది చివరి కాసిని నిమిషాలే. మేరీని చెరిపేసే పని కథ చేసింది, ఆమెను చెరగనివ్వని పని సావిత్రి చేసింది. నేల టికెట్లో కూచున్న మా అమ్మలకు నచ్చింది ఆ మూతివిరుపే, ఆ ఎర్రబడ్డ కళ్ళే.

అభిమానులను మేం అడుగుతున్నది ఒక్కటే. 'మిస్సమ్మ' ముచ్చట వచ్చినప్పుడు మేరీని మేరీగానే తలుచుకోండి. పుట్టుమచ్చ దగ్గరకొచ్చి నవ్వేముందు, పాల్ ఇల్లు ఏమైందని ఒక్క ప్రశ్న వెయ్యండి. పంతుళ్ళూ పంతులమ్మలూ ఈ సినిమాను క్లాసులో చూపించి 1950 ఉత్తర్వు మూడో పేరాతో కలిపి చదివించవచ్చు. విద్యార్థులకు ఇంకో పని ఉంది. మన పల్లెల్లో టూరింగ్ టాకీసుల కాలం నాటి ఆడవాళ్ళు కొందరే మిగిలారు. ఏ సినిమాకు పోయారో, కూలి డబ్బుల్లోంచి టికెట్టుకు ఎలా మిగిల్చారో, హాల్లో ఎక్కడ కూచోనిచ్చారో, సావిత్రిలో వాళ్ళకేం కనబడిందో అడిగి వాళ్ళ మాటల్లోనే రాసుకోవాలి. ఏ పేరుతో రాయమంటారో కూడా వాళ్ళనే అడగాలి. రిజిస్టర్లో పేరా, చర్చిలో పేరా అన్నది వాళ్ళే చెప్పాలి.