దారి దిగకుండా ఆడే ఆట

ఓరియెంటీరింగ్ అంటే పటం, దిక్సూచి పట్టుకుని అడవిలో పరుగెత్తడమే అనుకుంటాం. ట్రెయిల్ ఓరియెంటీరింగ్‌లో పరుగుకు మార్కుల్లేవు. అంతర్జాతీయ ఓరియెంటీరింగ్ సమాఖ్య నిర్వహించే నాలుగు విభాగాల్లో ఇదొకటి. దీని తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలు 2004లో స్వీడన్‌లోని వెస్టరోస్‌లో జరిగాయి. వీల్‌చెయిర్‌లో వచ్చినవారూ నడిచి వచ్చినవారూ ఒకే దారిన వెళ్లి ఒకే ప్రశ్నలకు జవాబిస్తారు.

ఇందులో ప్రీఓ అనే రకం పోటీ పద్ధతి ఇదీ. పటం మీద ఒక వృత్తం ఉంటుంది. దాని కేంద్రం బండకు ఉత్తరపు అంచో, చిన్న గుట్ట పాదమో గుర్తుల్లో రాసిస్తారు. దారి మీద నిర్ణీత చోట నిలిచి చూస్తే నారింజ, తెలుపు రంగుల జెండాలు కొన్ని కనిపిస్తాయి. ఎడమ నుంచి కుడికి వాటి పేర్లు ఎ, బి, సి. పటం చెప్పిన చోట ఉన్నదేది? ఏదీ కాకపోవచ్చు కూడా, అప్పుడు జవాబు జెడ్. దారి దిగి దగ్గరికెళ్లి చూడటం మాత్రం నిషిద్ధం.

అందుకే ఈ పోటీకి నేల దొరకడం కష్టం. చక్రాలు సాగాలంటే దారి గట్టిగా, మెల్లని వాలుతో ఉండాలి. పక్కన నేల మాత్రం ఎంత చిక్కుగా ఉంటే అంత మంచిది. హిమానీనదాలు చెక్కిన నార్డిక్ అడవుల్లో బండలు, చిన్న మిట్టలు, పల్లాలు పక్కపక్కనే ఉంటాయి కనుక అవి ఈ ఆటకు బాగా నప్పుతాయి. హైదరాబాద్ చుట్టుపక్కల బండల గుట్టలు ఎరిగినవారికి ఈ చిక్కు సులువుగానే అర్థమవుతుంది. ఒక బండ వెనక మరొకటి నిలిస్తే, రెంటి మధ్య ఎంత దూరముందో కంటికి అందదు.

ఆ దూరాన్ని రాబట్టడమే ఇందులోని విద్య. దారి వెంట ముందుకూ వెనక్కూ కదలవచ్చు. అలా కొద్దిగా జరిగితే చాలు, ఒకదానికొకటి ఆనుకున్నట్టున్న బండా జెండా విడివడి కనిపిస్తాయి. అనుభవజ్ఞులు జెండాలకన్నా ముందు నేలను చదువుతారు. కాంటూరు రేఖల్లో మిట్ట ఎక్కడ మొదలైందో పోల్చుకుని, దిక్సూచితో దిశ సరిచూసి, ఆ తర్వాతే అక్షరాల జోలికి వెళతారు. తొందరపడి జెండాతో మొదలుపెడితే కన్ను దానికి తగ్గ సాక్ష్యాలే వెతుకుతుంది.

టెంపో అనే మరో రకం పోటీలో ఈ నిదానం కుదరదు. కూర్చున్న చోటు నుంచే, ఒక్కో ప్రశ్నకు సుమారు 30 సెకన్లలో తేల్చాలి. తప్పు జవాబుకు అదనపు సమయం పడుతుంది.

నా దృష్టిలో పోటీ విలువ తేలేది పటం గీసిన చేతుల్లో, దారి పరిచిన చేతుల్లో. నిలబడ్డవారికి కనిపించే జెండా కుర్చీలో ఉన్నవారికి గడ్డి చాటున దాగితే ఆ ప్రశ్న చెల్లదు. అందుకే కోర్సు వేసేవారు కూర్చున్న ఎత్తు నుంచి ప్రతి చోటూ చూసుకోవాలి. వాన పడితే దారిని మళ్లీ పరిశీలించాలి. నిదానంగా కదిలేవారు కూడా పూర్తిచేయగలిగేలా గడువు పెట్టాలి. ఎక్కడ ఎత్తు ఉందో, ఎక్కడ కంకర ఉందో, ఎక్కడ సహాయకుడు అవసరమో ముందే ప్రకటించాలి. ఆ సహాయకుడు కుర్చీ నెట్టవచ్చు, జవాబు గురించి మాత్రం ఒక్క మాటా అనకూడదు.