135 లెన్సులో సిరిమాను

దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం మధ్యాహ్నం విజయనగరం మూడు లాంతర్ల దగ్గర కెమెరాతో నిలబడితే, ఫొటోగ్రఫీ పుస్తకాల్లోని సలహాలు సగం మర్చిపోవాలి. వీధిలో బొమ్మ తియ్యాలంటే మనిషికి దగ్గరగా వెళ్ళమంటాయవి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు ఎక్కడికి వెళ్తాం? చెయ్యి పైకెత్తే చోటు దొరికితే అదే పదివేలు. ముందు బెస్తవారి వల, పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు సాగుతాయి. వాటి వెనక 50, 60 అడుగుల చింతమాను, అదే సిరిమాను, కొసన పీట మీద కూర్చున్న పూజారి జనం తలల మీదుగా తేలుతూ వస్తారు. చదురు గుడికీ కోటకీ మధ్య అలా మూడుసార్లు. మనవైపు చూసి ఆగమని అడిగే వీలు లేదు, నిచ్చెన వేసే వీలూ లేదు. దూరాన్ని దగ్గరగా చూపే టెలీ లెన్సు పుట్టిందే ఇలాంటి చోటు కోసమనిపిస్తుంది.

అందుకు కొత్త డిజిటల్ కెమెరాలే ఉండాలని లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెళ్ళిళ్ళకు తిరిగిన పాత స్టూడియోల బీరువాల్లో పెంటాక్స్ కె1000, యాషికా, నికాన్ ఎఫ్ఎం10 కెమెరాలు ఇప్పటికీ కనబడతాయి. అదృష్టముంటే సోవియట్ జెనిత్ కూడా. కె1000 ను 1976 నుంచి 1997 దాకా తయారుచేశారు. దానికి లైట్ మీటర్ స్విచ్చి ఉండదు. లెన్సు మూత తీస్తే సూది లేస్తుంది, మూత పెడితే పడుకుంటుంది. మూత పెట్టడం మరిచి సంచిలో పడేస్తే బ్యాటరీ ఖాళీ. జెనిత్‌కు బిగించే జూపిటర్-11 లెన్సు 135 మిల్లీమీటర్లది, ఎఫ్/4. జర్మనీ జైస్ సోనార్ నమూనానే రష్యావాళ్ళు యుద్ధం తర్వాత ఇలా సొంతం చేసుకున్నారు. బరువుగా ఉంటుంది, ఫోకస్ రింగు నిదానంగా తిరుగుతుంది. ఆ నిదానం నాకు ఇష్టం.

టెలీ లెన్సు దూరాన్ని నొక్కేస్తుందని అందరూ అంటారు. నిజానికి ఆ పని చేసేది లెన్సు కాదు, మనం నిలబడ్డ చోటు. మనకు 20 అడుగుల దూరంలో పూజారి, 320 అడుగుల దూరంలో కోట బురుజు ఉన్నాయనుకోండి. బురుజు పదహారు రెట్లు దూరం, కాబట్టి ఆయన ముందు అది అగ్గిపెట్టెలా చిన్నబోతుంది. 80 అడుగులు వెనక్కి జరగండి. ఇప్పుడు ఆయన 100 అడుగుల్లో, బురుజు 400 అడుగుల్లో ఉంటాయి. తేడా నాలుగు రెట్లకు దిగింది. బురుజు పూజారి వెనకకు పెద్దదై వచ్చి నిలుచుంటుంది. 50 మిల్లీమీటర్ల లెన్సుతో ఇదే చోటి నుంచి తీసి మధ్య ముక్క కత్తిరించినా లెక్క మారదు, కాకపోతే ఆ ముక్కలో గింజ తప్ప బొమ్మ మిగలదు. 135 లెన్సు ఆ ముక్కను ఫ్రేము నిండా పరుస్తుంది. రాజవంశీకులు బురుజు మీద నుంచి సిరిమానును చూస్తారు కదా. బురుజునూ మానునూ ఒకే బొమ్మలో సమఉజ్జీలుగా నిలపాలంటే వెనక్కి నడవాల్సిందే. టెలీతో పనిచేసేవాడి కాళ్ళు వెనక్కి నడవడం నేర్చుకోవాలి.

తర్వాతి చిక్కు ఫోకస్. ఎఫ్/4 దగ్గర 135 లెన్సుతో 5 మీటర్ల దూరంలో మనిషిని తీస్తే, స్పష్టంగా ఉండే మందం సుమారు అడుగే. ముక్కు మీద పెట్టిన ఫోకస్ ఆ మనిషి ఒక అడుగు ముందుకేస్తే పోతుంది. పాతవాళ్ళ కిటుకు సులువు: మనిషి వెంట పరుగెత్తకుండా దారి మీద ఒక గుర్తు, కరెంటు స్తంభమో మురుగుకాలువ పలకో, చూసుకుని ముందే అక్కడ ఫోకస్ పెట్టి కాచుకోవడం. అక్కడికి ఎవరు వస్తే వారిది బొమ్మ. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో ఉదయం పూట ఈ పద్ధతికి తిరుగు లేదు.

వెలుతురుకు మొండి లెక్క ఒకటుంది. 400 స్పీడు రీలుకు నిట్టెండలో ఎఫ్/16, షట్టరు 500, అంటే సెకనులో అయిదువందలో వంతు. నీడలోకి వస్తే ఎఫ్/5.6 లేదా 4. చెయ్యి వణికే పాపం 135 లెన్సులో పెద్దదిగా కనబడుతుంది కాబట్టి షట్టరు 250కి దిగనివ్వకపోవడమే మేలు. సిరిమాను మీదికి భక్తులు విసిరే అరటిపళ్ళు గాల్లో ఆగినట్టు కనబడాలంటే 500 తప్పదు. మీటరును గుడ్డిగా నమ్మితే ఇంకో ప్రమాదం. తెల్లటి పొందూరు ఖద్దరు పంచె ఫ్రేము నిండా ఉంటే సూది వెలుతురెక్కువని మోసపోతుంది, ముఖం బొగ్గవుతుంది. అప్పుడు ఒక స్టాప్ తెరవాలి. నలుపు తెలుపు రీలు ఎక్కువ వెలుతురును ఓర్చుకుంటుంది, తక్కువను ఓర్చుకోదు.

ముప్పై ఆరు బొమ్మలే ఉన్నాయన్న ఎరుక వేలిని ఆపుతుంది. రీలు ధర వింటే అది ఇంకా బాగా ఆగుతుంది! ఊటీలో 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి 'ఇందు' రీళ్ళు ఇప్పుడు రావు. మనకు దొరికేవన్నీ విదేశీ సరుకే.

ఇక దొంగచాటు మాట. దూరం నుంచి తీసేవాడు పిరికివాడని, మనిషికి తెలియకుండా ముఖం ఎత్తుకెళ్తాడని వాదించేవారున్నారు. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కార్టియర్ బ్రెసాన్ దాదాపు జీవితమంతా 50 లెన్సుతోనే గడిపాడు. న్యూయార్క్‌లో సాల్ లీటర్ మాత్రం గడువు దాటిన కలర్ ఫిల్ము వేసి, 150 లెన్సుతో తడిసిన అద్దాల వెనక నుంచి గొడుగులూ టోపీలూ తీశాడు. ఆ బొమ్మల్లో దొంగతనం నాకెక్కడా కనబడదు. కానీ నాగావళి రేవులో స్నానం చేసేవారి మీదికి వంతెన మీద నుంచి లెన్సు తిప్పేవాణ్ణి నేను సమర్థించను. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకే అమ్మను టెలీతో తియ్యడమూ తప్పే. ఆమె పక్కన పీట వేసుకుని 50 లెన్సుతో తియ్యాలి. ఆ దవడ పళ్ళ మధ్య పోగుల్ని చూడాలన్నా అదే దారి. గుంపుకు టెలీ, మనిషికి చనువు.

"ఏటి బావూ, మా బొమ్మ తీస్తన్నావా? సూపించు" అని మన ఊళ్ళలో ఎవరైనా అడుగుతారు. ఫిల్ము కెమెరా వెనక చూపించడానికి ఏమీ ఉండదు. ప్రింటు తెచ్చిస్తానని చెప్పాలి, చెప్పాక తెచ్చివ్వాలి. ఒక్క ఊరిలో మాట తప్పితే రెండోసారి ఆ వీధిలో ఎవరూ నిలబడరు.

రీలు కడగడం మన ఎండల్లో పెద్ద పరీక్ష. డి-76 డెవలపర్ మందు లెక్కలన్నీ 20 డిగ్రీలకు రాసినవి. మే నెలలో ఆమదాలవలస కుళాయి నీళ్ళు అలా ఎందుకుంటాయి? మందు వేడిగా ఉంటే కడిగే సమయం తగ్గించాలి, కానీ అయిదు నిమిషాల కంటే తగ్గితే బొమ్మ మచ్చలు మచ్చలుగా తేలుతుంది. అందుకే ఐసు ముక్కల్ని ప్లాస్టిక్ సంచిలో ముడేసి, డబ్బాను బేసిన్‌లో పెట్టి చల్లార్చుకుంటారు. లెన్సులకు సముద్రపు తేమతో బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టడమే మందు.

కెమెరాలకన్నా నెగెటివ్‌ల గతి నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. స్టూడియో మూతపడితే మొదట చెత్తకు వెళ్ళేవి అవే. వాటిలో పెళ్ళికూతుళ్ళ వెనక ఒకప్పటి బజార్లు, రిక్షాలు, పెంకుటిళ్ళు ఉన్నాయి. 2018లో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాను ముంచినట్టు మళ్ళీ నీళ్ళొస్తే, తడిసి అతుక్కున్న నెగెటివ్‌లను ఎండబెట్టి ఊడదియ్యకండి. శుభ్రమైన చల్లటి నీళ్ళలో నాననిచ్చి మెల్లగా విడదియ్యండి. పొడిగా ఉన్నవాటిని కాగితం కవర్లలో పెట్టి, పైన పెన్సిలుతో ఊరు, సంవత్సరం రాయండి. భోగికి అటక దులిపినప్పుడు ఆ కవర్లు మంటలో వెయ్యకండి.