నాగలి కథలో తోలు ఏదీ?

వ్యవసాయం ఎట్లా పుట్టింది? విష్ణుపురాణం పృథు చక్రవర్తిని చూపిస్తుంది. పంటల్ని దాచుకున్న భూమి ఆవు రూపంలో పారిపోతే విల్లు పట్టుకుని వెంటబడతాడు. లొంగదీసుకుని, నేల చదును చేసి, ధాన్యం పితుకుతాడు. అతనికి ముందు సాగూ లేదట, ఊరూ లేదట. భూమికి పృథ్వి అన్న పేరు కూడా అతనివల్లే వచ్చిందట! పన్ను వసూలు చేసుకున్నవాళ్ల కథ ఇట్లాగే ఉంటుంది మరి.

దక్కన్ నేల ఇంకో సంగతి చెప్తుంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఆల్చిన్ 1950లలో తవ్విన బూడిద దిబ్బ, పశువుల పేడ కుప్పలు కాలగా మిగిలింది. సుమారు 5000 ఏళ్ల కిందటి పశుపాలకులది. ఆ సంస్కృతి ఆవాసాల్లో ఉలవలు, పెసలు, చిరుధాన్యాలు దొరికాయి. కర్ణాటకలోని బుదిహాళ్‌లో పద్దయ్య బృందానికి పశువుల్ని కోసిన చోటు కూడా బయటపడింది. సాగు మొదలైన ఈ నేలమీద రాజ్యం ఇంకా పుట్టలేదు. పశువును కోయడం ఆ ఊరి మామూలు పని.

చిందువాళ్లు ఆడే, డక్కలివాళ్లు చెప్పే జాంబపురాణం దగ్గరికొద్దాం. భూమికన్నా ముందే జాంబవుడు పుట్టాడంటుందది. పృథువు గొప్పని ఒక్క దెబ్బతో కొట్టేసే మాట. మోట బొక్కెనకు తోలు, కాడికి వారు, కాలికి చెప్పు లేకుండా ఏ సాగు నడిచింది? ధాన్యం కథ మరిచిన తోలును ఈ కథ గుర్తుపెట్టుకుంది.

అట్లాగని దీన్ని పూర్తిగా నెత్తిన పెట్టుకోలేం. ఒక పాఠంలో దేవతలంతా తినడానికి కామధేనువును వండుతుంటే ఒక ముక్క కిందపడుతుంది. పిల్లవాడు దుమ్ము ఊది మళ్లీ కుండలో వేస్తాడు. అంతే, శాపం! తినడానికి కూచున్నది అందరూ, వెలి ఒక్కడికి. ఎదుటివాడు మోపిన నేరాన్ని మనమే పాడుకుంటున్నాం. ఈ శాపం తర్వాత అతికించిందేనని నా అనుమానం.

అంబేడ్కర్ 1948లో 'అంటరానివారు' పుస్తకంలో ఈ నేరాన్నే తీసేశాడు. సంచార తెగలు కొన్ని పొలం పట్టి స్థిరపడ్డాయి. యుద్ధాల్లో చెదిరిన మనుషులు కాపలా పనికి ఆ ఊళ్ల అంచున చేరారు. అంటరానితనం చాలా తర్వాత, సుమారు క్రీ.శ. 400 నాటికి వచ్చిందన్నాడు. ఊహ అని కొట్టిపారేసే పండితులకు కొదవలేదు. దొరకని లంకెల్ని ఊహతో కలిపానని ముందుమాటలో ఆయనే చెప్పాడు గదా. ఆవుని తరిమిన రాజు కథకి ఏ సాక్ష్యం ఉందని వీళ్లెప్పుడైనా అడిగారా?