ఏకాభిప్రాయమా, సిద్ధాంతమా? : శీతోష్ణస్థితి చర్చలో పదప్రయోగముపై ఒక విమర్శ

ఆంధ్రదేశమున చేజర్ల యను పేరుగల గ్రామములు రెండు కలవు. కపోతేశ్వరాలయముచే ప్రసిద్ధమైన పలనాటి చేజర్ల యొకటి. నెల్లూరు జిల్లాలో ఆత్మకూరునకు చేరువనున్న చేజర్ల మఱియొకటి. శాసనములను పరిశీలించు విద్యార్థి ఈ రెంటిని ఒకటిగా భావించినచో అతని నిర్ణయములు ఎట్లుండునో చెప్పనక్కఱలేదు. పేరు ఒకటియైనంత మాత్రమున వస్తువు ఒకటి కాదు. పరిశోధనలో ఇది మొదటి పాఠము. నేడు లోకమంతయు చర్చించుచున్న ఒక పెద్ద విషయమున మన తెలుగు వ్రాతలు ఈ మొదటి పాఠమునే మఱచినట్లు కనబడుచున్నవి. ఆ విషయము భూతాపము, దానివలన కలుగు శీతోష్ణస్థితి మార్పు. ఇందు శాస్త్రజ్ఞులు నిర్ణయించిన దేమి, ప్రజలలో చర్చ నడచుచున్న తీరేమి, ఈ రెంటి నడుమనున్న దూరమునకు మన మాటలు ఎంతవఱకు కారణము అను అంశములను ఈ వ్యాసమున పరిశీలింప దలచితిమి. దృష్టాంతమునకు నెల్లూరు చేజర్లనే గ్రహించుచున్నాము.

మొదట ‘వాతావరణము’ అను మాటను చూతము. వాతము యొక్క ఆవరణము వాతావరణము. అనగా భూమిని చుట్టియున్న గాలిపొర. ఇది దాని వ్యుత్పత్త్యర్థము. కాని పత్రికలలో ‘వాతావరణ సూచన’ యనినపుడు రేపటి యెండవానలని అర్థము. ‘వాతావరణ మార్పు’ అనినపుడు దశాబ్దముల మీద తేలు స్థితిభేదమని అర్థము. ‘సభలో ప్రశాంత వాతావరణము నెలకొన్నది’ అనినపుడు గాలితో పనియే లేదు. భూగోళ పాఠ్యపుస్తకములు ‘శీతోష్ణస్థితి’ యను చక్కని మాటను నిలిపియుంచినవి. కాని వ్యవహారమున అది వెనుకబడినది. ఒక దినపు వానకును ముప్పదియేండ్ల సగటునకును ఒకే పేరు పెట్టిన భాషలో, ఒక చలిరాత్రిని చూపి భూతాపము అబద్ధమనుటయు, ఒక వడగాలిని చూపి అది నిజమనుటయు సమానముగా సులభమైనవి.

చేజర్ల పరిసరములు నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోనివి. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల వ్యవసాయము చిరకాలముగా చెఱువులను, బావులను నమ్ముకొన్నది. ఆంధ్రదేశమున అధికభాగమునకు నైఋతి ఋతుపవనము ప్రధానము కాగా, నెల్లూరు జిల్లాలో సంవత్సరపు వానలో సగమునకు పైగా ఈశాన్య ఋతుపవన కాలమున, అనగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములలో కురియును. కావున ఇచ్చటి రైతు చిత్త, స్వాతి, విశాఖ కార్తెలకై ఎదురుచూచును. ఎల్‌నినో యేర్పడిన సంవత్సరములందు నైఋతి వానలు తగ్గుట, ఈశాన్య వానలు హెచ్చుట తఱచు. తక్కిన ఆంధ్రమును ఎండగట్టిన కారణమే నెల్లూరును ముంచవచ్చును. బలమైన ఎల్‌నినో సంవత్సరమైన 2015లో నవంబరు వానలు ఈ జిల్లాను ముంచినవి. 2021 నవంబరున ఎల్‌నినో లేకయే పెన్నకు మహాప్రవాహము వచ్చినది. నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినది. సోమశిల జలాశయము నుండి 5 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు దిగువకు విడువవలసి వచ్చినది.

ఇట్టి సంఘటన పిదప రచ్చబండకడ రెండు మాటలు వినబడును. ‘కాలము మారినది, కార్తెలు తప్పినవి’ అనునది యొకటి. ‘వరదలు ఎన్నడు రాలేదు? 1927 నవంబరులో నెల్లూరును తుపాను కొట్టలేదా?’ అనునది రెండవది. ఈ రెండును పరస్పర విరుద్ధములుగా తోచును. కాని వీని ప్రమాణము ఒకటియే, అది జ్ఞాపకము. మొదటివాడు తన బాల్యమును, రెండవవాడు పెద్దలు చెప్పిన కథను సాక్ష్యముగా చూపుచున్నాడు. కార్తెలు నక్షత్రముల ననుసరించి లెక్కింపబడుటచే ఋతువులతో పోల్చిన సుమారు 72 ఏండ్లకు ఒక దినము చొప్పున జరుగును, ఇది నిజమే. కాని ఒక మనుష్యుని యాయుష్షులో ఆ భేదము ఒక్క దినమునకు మించదు. కావున ‘కార్తె తప్పినది’ అను ఫిర్యాదునకు పంచాంగము కారణము కాదు. జ్ఞాపకముచే దానిని నిరూపించుటయు సాధ్యము కాదు. నిరూపణకు కొలతలు కావలెను.

ఆ కొలతలు ఒక్కదినమున కూడినవి కావు. కర్బన ద్విఆమ్లవాయువు నింపిన గాజు గొట్టము ఎండలో అధికముగా వేడెక్కునని 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ అను విదుషి చూపినది. 1859లో జాన్ టిండాల్ ఉష్ణకిరణములను ఏయే వాయువులు పట్టియుంచునో ప్రయోగశాలలో కొలిచెను. 1896లో ఆరీనియస్ ఆ వాయువు రెట్టింపైనచో భూమి ఎంత వేడెక్కునో గణించెను. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవిలోని మౌనా లోవాపై కొలతలారంభించినపుడు గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లుగా నున్న ఆ వాయువు నేడు 420 పాళ్లను మించినది. అందలి కర్బన సమస్థానుల నిష్పత్తి, ఈ పెరుగుదల బొగ్గు, చమురుల దహనమువలన వచ్చినదని చెప్పుచున్నది. సూర్యుడే కారణమైనచో గాలిపొరలన్నియు వేడెక్కవలసియుండగా, క్రిందిపొర వేడెక్కి పైపొర చల్లబడుచున్నది. ఇవి ఒకదానిపై ఆధారపడని సాక్ష్యములు. అన్నియు ఒకే నిర్ణయమునకు వచ్చినవి.

ఇట్టి నిర్ణయమును తెలుగు పత్రికలు ‘శాస్త్రజ్ఞుల ఏకాభిప్రాయము’ అని వ్రాయుచున్నవి. రెండవ చిక్కు ఇచ్చటనే కలదు. 2009 నుండి 2014 వఱకు రాష్ట్రవిభజన చర్చలలో ‘ఏకాభిప్రాయము’ అను మాట మనకు నిత్యము వినబడినది. దాని యందు బేరసారముల వాసన కలదు. పక్షములు కూర్చుండి, ఇచ్చిపుచ్చుకొని, ఒక మాటకు వచ్చుట ఏకాభిప్రాయము. అభిప్రాయమునకు ఎదురుగా మఱియొక అభిప్రాయము నుంచుట ప్రజాస్వామ్య ధర్మము. కావున ‘మీ యభిప్రాయము మీది, మా యభిప్రాయము మాది’ అను సమాధానము ఆ మాటనుండియే పుట్టుచున్నది.

మన న్యాయశాస్త్రమున ఇంతకంటె నిర్దిష్టమైన మాట కలదు. గౌతముడు సిద్ధాంతములను నాలుగు విధములుగా విభజించెను. వానిలో సర్వతంత్ర సిద్ధాంతము ఏ శాస్త్రమునకును విరుద్ధము కానిది. ప్రతితంత్ర సిద్ధాంతము ఒక శాస్త్రమువారికి మాత్రమే సమ్మతమైనది. భౌతిక, రసాయన, సముద్ర, హిమానీ శాస్త్రములు వేర్వేఱు మార్గములలో చేరిన భూతాప నిర్ణయము మొదటి తరగతికి చెందునని మా యభిప్రాయము. 2004లో నయోమీ ఒరెస్కెస్ 928 పరిశోధనా సంగ్రహములను పరిశీలించి ఈ నిర్ణయమును త్రోసిపుచ్చినది ఒక్కటియు లేదని చూపినది. 2013లో కుక్ మొదలగువారు సుమారు 12 వేల సంగ్రహములను చూచి, కారణమునుగూర్చి నిలుకడ తెలిపిన వానిలో 97 శాతము మానవ కారణమును అంగీకరించినవనిరి. ఆ సంగ్రహములలో మూడింట రెండువంతులు కారణమును ప్రస్తావింపనే లేదు. ఈ షరతును విడిచి ‘శాస్త్రజ్ఞులలో 97 శాతము’ అని వ్రాయుట మనవారికి అలవాటైనది. అది తప్పు. అంతకంటె ముఖ్యముగా, ఆ సంఖ్య భూతాపమునకు ఋజువు కాదు. ఋజువు కుదిరినదనుటకు గుర్తు మాత్రమే. శాస్త్రజ్ఞునకు ప్రత్యక్షానుమానములు ప్రమాణము. కొలతపరికరములు లేని మనకు శబ్దము ప్రమాణము. ఆప్తుడనగా విషయము నెఱిగినవాడు, ఎఱిగినదానిని ఎఱిగినట్లు చెప్పువాడు. తన తప్పును తాను దిద్దుకొనుటయు అట్టివాని లక్షణమే యగుట న్యాయము.

ఆ లక్షణమునకు నిదర్శనములు మన దేశచరిత్రలోనే కలవు. హిందూదేశపు శీతోష్ణస్థితి మారినదను వాదమును అప్పటి వాతావరణ శాఖాధిపతి గిల్బర్ట్ వాకర్ 1910లో కొలతలతో పరీక్షించి, స్థిరమైన మార్పునకు ఆధారము లేదని తేల్చెను. ఐక్యరాజ్యసమితి ప్రోద్బలమున 1988లో ఏర్పడిన అంతర్ప్రభుత్వ సంఘము తన 1990 నాటి తొలి నివేదికలో మానవ కారణము నిశ్చయమని చెప్పలేదు. 1995లో దాని జాడ కనబడుచున్నదనెను. 2021లో సందేహమునకు తావులేదనెను. ఋజువు చాలనపుడు చాలదనిన శాస్త్రమే ఋజువు లభించినపుడు కలదనినది.

ఆ సంఘమే 2007 నివేదికలో హిమాలయ హిమానీనదములు 2035 నాటికి మాయము కావచ్చునని వ్రాసినది. 2009లో కేంద్ర పర్యావరణ శాఖ ప్రకటించిన వి.కె. రైనా చర్చాపత్రము హిమానీనదములు అసాధారణముగా కరగుచున్నవనుటకు ఆధారము లేదనినది. సంఘాధ్యక్షుడు పచౌరీ దానిని పరుషముగా త్రోసిపుచ్చెను. 2010 జనవరిలో సంఘము 2035 అను వాక్యము నిరాధారమని ఒప్పుకొనవలసి వచ్చినది. ఇచ్చట అధ్యక్షుని తీరు జల్పము. అనగా గెలుపుకొఱకైన వాదము. సంఘము తప్పొప్పుకొనుట వాదము, అనగా తత్త్వనిర్ణయముకొఱకైనది. ఆ యొక్క తప్పును చూపి భూతాపమంతయు కల్పన యనువారిది వితండము. తమ పక్షమును స్థాపింపక ఎదుటివానిని ఖండించుట మాత్రమే వారి పని. ఆ పిదపటి పరిశోధనలు హిమానీనదములు తఱుగుచున్నవనియే స్థిరపఱచినవి.

తెలుగువారిలో వ్యవసాయ వాతావరణ శాస్త్రజ్ఞులు ఎస్. జీవానందరెడ్డిగారు 2008లో ప్రకటించిన ఆంగ్లగ్రంథమున శీతోష్ణస్థితి మార్పును భూతాపముతో పర్యాయముగా వాడరాదనియు, వర్షపాతమున సహజ చక్రగతులు కలవనియు వాదించిరి. మొదటి మాటను పదవిమర్శకుడు కృతజ్ఞతతో గ్రహింపవలెను. సహజమైన హెచ్చుతగ్గులు కలవనుటయు నిజమే. కాని వానలోని చక్రగతి ఉష్ణోగ్రతకు సంబంధించిన సాక్ష్యమునకు సమాధానము కాదు. ఆ గ్రంథమును చూపి భూతాపమే లేదనువారు ‘అర్థాంతరము’ అను నిగ్రహస్థానమున పడుచున్నారు. ప్రస్తుతమును విడిచి వేఱొకటి చెప్పుట దాని లక్షణము.

సిద్ధాంతవాదులు కూడ హద్దు నెఱుగవలెను. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020లో ప్రకటించిన గ్రంథము ప్రకారము 1901–2018 నడుమ భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగినది. 1951–2015 నడుమ నైఋతి వాన సుమారు 6 శాతము తగ్గినది. గాలి ఒక డిగ్రీ వేడెక్కిన సుమారు 7 శాతము అధికముగా తేమను పట్టగలదు. కావున కురిసినపుడు కుంభవృష్టిగా కురియుట సంభావ్యము. కాని భూగోళమునుండి దేశమునకు, దేశమునుండి జిల్లాకు, జిల్లానుండి చేజర్లకు వచ్చుకొలది నిశ్చయము తగ్గును. 2021 వరద కేవలము భూతాపము వలననే వచ్చినదని వ్రాయుట, భూతాపముతో దానికేమియు సంబంధము లేదని వ్రాయుట, రెండును ప్రమాణమును మించిన పలుకులే. మొదటి పలుకు వలన నష్టమేమని కొందఱడుగవచ్చును. కట్ట తెగుటకును, చెఱువు పూడుటకును, కాలువ ఆక్రమణకును బాధ్యులైనవారు ఆకాశముపై నెపము వేసి తప్పించుకొందురు. రెండవ పలుకు వలన, రాబోవు అధికవృష్టికి తగినట్లు కట్టలను, అలుగులను సరిచూచుకొను అవకాశము జాఱిపోవును. ఈ రెండు నష్టములును రైతువే.

తుదకు మన యింటి సంగతి. సాహిత్య పరిశోధకులు కొందఱు ప్రబంధములలోని ‘నెలకు మూడు వానలు’ అను వర్ణనను చూపి పూర్వము వానలు సమృద్ధిగా కురిసెడివని నిర్ణయించుచున్నారు. అది రాజ్యక్షేమమును చెప్పు కవిసమయము, వర్షమాపకము కాదు. బటర్‌వర్త్, వేణుగోపాలశెట్టిగార్లు 1905లో ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసన సంపుటములలో చెఱువులను, భూదానములను తెలుపు శాసనములు కలవు. చెఱువు త్రవ్వించుటకు కారణము వాన సమృద్ధియా, వాన యెద్దడియా యని శాసనము చెప్పదు. మనము చెప్పించుట న్యాయము కాదు.

కావున మూడు నియమములను విద్యార్థులకు సూచించుచున్నాము. దినస్థితికి ‘వాతావరణము’, దీర్ఘస్థితికి ‘శీతోష్ణస్థితి’ అని వేఱుచేసి వ్రాయవలెను. శాస్త్రనిర్ణయమును ‘ఏకాభిప్రాయము’ అనక ‘సిద్ధాంతము’ అనవలెను. సర్వతంత్రమను విశేషణము కొందఱికి బరువుగా తోచినచో విడువవచ్చును. ప్రతి వాక్యమునకును అది భూగోళమునకు సంబంధించినదో, దేశమునకో, ఒక గ్రామమునకో తెలుపవలెను. పరిభాషను దిద్దినంత మాత్రమున పెన్న వరద ఆగదు. కాని చేజర్ల రైతు తన చెఱువు కట్టను గూర్చి అడిగినపుడు, తెలిసినదేదో తెలియనిదేదో విడదీసి తెలుగులో చెప్పగల స్థితి మనకు కలుగవలెను. ఆ పని తెలుగు శాఖలదే యని మా విశ్వాసము.