తప్పటడుగులకు అరిసెలు

తెలుగులో తప్పటడుగు అనే మాట రెండు రకాలుగా బతుకుతోంది. ఏడాది బిడ్డ గోడ వదిలి, తూలుతూ నాలుగడుగులు వేస్తే తప్పటడుగులు వేస్తున్నాడని ఇల్లంతా మురిసిపోతుంది. అదే మాట పాతికేళ్ళవాడి గురించి అంటే, చెయ్యకూడనిదేదో చేశాడని అర్థం. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు పంచుకునే ఆచారం మనది. నడక స్థిరపడేదాకా ఆగి పంచం, బిడ్డ ఇంకా పడుతూ లేస్తూ ఉండగానే పంచుతాం. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కారెన్ అడాల్ఫ్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధన ప్రకారం 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటున్నప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేస్తారు, 17 సార్లు పడతారు. గంటకు 17 సార్లు బెడిసికొట్టే పనిని మర్నాడు మళ్ళీ ఉత్సాహంగా మొదలుపెట్టే పెద్దవాళ్ళు ఎంతమంది ఉంటారు? పిల్లలు రోజూ మొదలుపెడతారు. ఆ ధైర్యాన్ని పుట్టుకతో వచ్చిన వరమని వదిలేస్తే మనం నేర్చుకోవలసింది చేజారిపోతుంది. పడిన లెక్క ఇంట్లో ఎవరూ రాసిపెట్టుకోలేదు, లేవనెత్తే చెయ్యి దగ్గర్లోనే ఉంది, అందుకే ఆ ధైర్యం నిలిచింది. అదే బిడ్డ ఐదో ఏట పలక మీద అక్షరం తిరగేసి రాస్తే మనం వేరే మనుషులమైపోతాం. అంగన్‌వాడీలోనో నర్సరీలోనో ఒకటో తరగతిలోనో పనిచేసే టీచరుకు పిల్లలు నేర్పే మొదటి పాఠం ఇదేనని నా నమ్మకం: తప్పుకు కట్టవలసిన మూల్యం తక్కువగా ఉన్నచోట ధైర్యం దానంతటదే ఉంటుంది. ఆ మూల్యాన్ని పెంచేదీ తగ్గించేదీ చాలావరకు టీచరే.

ధైర్యంతోపాటు పిల్లలు నేర్పే రెండోది పట్టువిడుపు. మనస్తత్వవేత్త ఆలిసన్ గోప్నిక్, ఆమె సహ పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక ప్రయోగం దీనికి మంచి సాక్ష్యం. ఒక పెట్టె మీద కొన్ని దిమ్మలు పెడితే దీపం వెలుగుతుంది, పాట వస్తుంది. ఏ దిమ్మ వల్ల వెలుగుతోందో కనిపెట్టాలి. ఒక్కో దిమ్మకు విడిగా ఆ శక్తి ఉండవచ్చు, లేదా రెండు కలిస్తేనే పని జరగవచ్చు. ఈ రెండోరకం నియమాన్ని సూచించే ఆధారాలు కళ్ళముందు పెట్టినప్పుడు నాలుగైదేళ్ళ పిల్లలు దాన్ని ఇట్టే అందుకున్నారు. విశ్వవిద్యాలయ విద్యార్థులు మాత్రం ఒక ఫలితానికి ఒకే కారణం ఉంటుందన్న పాత నమ్మకాన్ని పిల్లలంత సులువుగా వదులుకోలేకపోయారు. మామూలు జీవితంలో పెద్దల అలవాటే ఎక్కువసార్లు నిజమవుతుంది కదా అనవచ్చు. నిజమే, ప్రతి ఉదయం లోకాన్ని కొత్తగా కనిపెడుతూ కూర్చుంటే పొయ్యి మీదికి ఎసరు ఎక్కదు. కానీ తరగతి గదిలో టీచరు రోజంతా తీర్పు చెప్పేది దిమ్మల గురించి కాదు, పసిపిల్లల గురించి. వీడు మొద్దు, ఇది మూగమొద్దు, వాళ్ళన్నలాగే వీడికీ లెక్కలు రావు అని జూన్‌లో వేసుకున్న అంచనా ఏప్రిల్ దాకా కదలకపోతే, ఆధారాలు కళ్ళముందున్నా చూడలేని ఆ పెద్దవాళ్ళ కోవలోనే ఉన్నట్టు. అన్ని నెలల్లో ఆ పిల్లవాడు ఎన్నిసార్లు మారాడో!

ఇలా చూసి మనసు మార్చుకున్నవాళ్ళలో మరియా మాంటిస్సోరీ కథ నాకు ఎప్పుడూ పెద్ద బలం. 1907 జనవరి 6న రోమ్‌లోని సాన్ లొరెంజో అనే పేదపేటలో ఆమె పిల్లల ఇల్లు తెరిచింది. ఆమె వైద్యురాలు. ఆటబొమ్మలకు ఎగబడాల్సిన పిల్లలు వాటిని పక్కన పెట్టి, చెక్క అచ్చులు, దిమ్మలతో చేసే పనివైపే వెళ్ళడం ఆమె ఊహకు అందలేదు. ఆ సామగ్రిని బీరువాలో పెట్టి టీచరు తాళం వేసేది, తనే తీసి తనే పంచేది. ఒకరోజు తాళం వేయడం మరిచిపోయింది. ఆమె వచ్చేసరికి పిల్లలు బీరువా తెరిచి ఎవరికి కావలసినవి వాళ్ళు తీసుకుంటున్నారు. టీచరు కంటికి అది దొంగతనం, శిక్షించవలసిన తప్పు. మాంటిస్సోరీకి మాత్రం పిల్లలకు ఏది కావాలో వాళ్ళకు తెలుసని అర్థమైంది. అప్పటినుంచి పిల్లల చేతికందే ఎత్తులో, తాళాలు లేని చిన్న అరలు వచ్చాయి. ఇవాళ ప్రపంచమంతా ఆమె పేరుతో నడుస్తున్న బడుల్లో కనిపించే ఆ అరలు ఒక టీచరమ్మ మతిమరుపులోంచి, పిల్లల చొరవలోంచి పుట్టాయి. ఇంకోరోజు ముక్కు చీదుకోవడం ఎలాగో చేతిరుమాలు పట్టుకుని మాంటిస్సోరీ సరదాగా చేసి చూపించింది. పిల్లలు కళ్ళప్పగించి చూశారు, అయిపోగానే చప్పట్లు కొట్టారు. ముక్కు కారుతోందని అందరూ చీవాట్లు పెట్టేవాళ్ళే తప్ప, అవమానించకుండా ఎలా తుడుచుకోవాలో చూపినవాళ్ళు అంతవరకు ఒక్కరూ లేరని అప్పుడు ఆమెకు తట్టింది. 1939లో మన మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చిన మనిషి చేతిలో ఉన్న అసలు సరుకు ఇలా పిల్లల దగ్గర సంపాదించుకున్నదే.

పిల్లల్ని మరీ నెత్తికెక్కించుకుంటున్నారని ఒక అభ్యంతరం వస్తుంది. మూడేళ్ళ పిల్ల తన గిన్నెలో తప్ప అన్నం తినదు, చెప్పిన కథే రోజూ చెప్పమంటుంది, ఒక్క మాట మారినా ఊరుకోదు. కొత్త మనిషిని చూస్తే అమ్మ కొంగు వెనక దాక్కుంటుంది. ఇందులో పట్టువిడుపు ఎక్కడ, ధైర్యం ఎక్కడ? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయకూడదు. నాకు మాత్రం ఆ మొండితనంలోనే పాఠం రెండో సగం కనిపిస్తుంది. అమ్మ కంటికి కనిపిస్తూ ఉన్నంతసేపు పసిబిడ్డ దూరం వెళ్ళి చూసి వస్తుందనీ, ఆమె లేచి వెళ్ళిపోతే ఆట ఆపేస్తుందనీ మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ పరిశీలనలు చూపించాయి. గిన్నె మారకూడదు, కథ మారకూడదు, అమ్మ చోటు మారకూడదు. అవి స్థిరంగా ఉంటే మిగతాదంతా తలకిందులుగా పెట్టి చూడవచ్చు. ఎక్కడ పట్టాలో, ఎక్కడ విడవాలో పిల్లలకు తెలుసు. మన బడుల్లో చాలాచోట్ల ఇది తిరగబడింది. ఏ రోజు ఏ టీచరు ఉంటారో, ఎవరు ఏ మాట అంటారో పిల్లలకు తెలియదు, జవాబు మాత్రం గైడులో ఉన్నట్టే ఉండాలి. విడవాల్సినదాన్ని పట్టుకుని, పట్టుకోవాల్సినదాన్ని వదిలేశాం.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. ఐదు తరగతులకు ఒక్క టీచరున్న బడిలో, సిలబస్ పూర్తి చేయాల్సిన తొందరలో, ఏ నిమిషాన తనిఖీకి వస్తారో తెలియని చోట పట్టువిడుపులు ఎవరికి సాధ్యం? ఈ కష్టం తెలిసినవాడే గిజుభాయి బధేకా. న్యాయవాద వృత్తి వదిలి 1920లో భావనగర్‌లో బాలమందిరం ప్రారంభించాడు. గుజరాతీలో ఆయన రాసిన దివాస్వప్నం పగటికలగా మన పాఠకులకూ పరిచయమే. ఆ పుస్తకంలోని ప్రయోగానికి ఆయన మామూలు బడిలో నాలుగో తరగతిని ఎంచుకున్నాడు. అక్కడ హెడ్‌మాస్టరు ఉన్నాడు, పై అధికారి ఉన్నాడు, ఏడాది చివర పరీక్ష ఉంది. అందులోని కల్పిత ఉపాధ్యాయుడు మొదటిరోజు శ్రద్ధగా సిద్ధం చేసుకుని వచ్చిన నిశ్శబ్దం ఆట పిల్లల గోలలో కొట్టుకుపోతుంది. అతను కర్ర పట్టుకోడు, పిల్లలు పనికిరానివాళ్ళనీ అనుకోడు. తన పథకమే ఈ గదికి సరిపోలేదని ఒప్పుకుని మర్నాడు కథ మొదలుపెడతాడు. పిల్లలు నోరెత్తకుండా వింటారు. దీనికి అదనపు గది అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. నిన్నటి పాఠం తప్పిందని చెప్పినా నెత్తిన మొట్టని పై అధికారి మాత్రం కావాలి. టీచరు భయపడుతూ ఉంటే ఆ భయం పిల్లల పలకల మీదికే దిగుతుంది. అందుకే టీచర్లు రాసే పాఠ్యపథకంలో, అనుకున్నది ఎక్కడ కుదరలేదు, పిల్లలు ఎటు లాక్కెళ్ళారు, మీరు ఏం మార్చారు అని ఒక గడి ఉండాలని నా కోరిక. తనిఖీకి వచ్చినవారు మొదట ఆ గడే చదవాలి. ఏడాది పొడుగునా అది ఖాళీగా ఉన్న పుస్తకం కనిపిస్తే, సంతకం పెట్టేముందు ఆ టీచరు పక్కన కాసేపు కూర్చుని, ఎందుకు ఖాళీగా ఉందో నెమ్మదిగా అడగాలి.