దుంగల లెక్క

ఈ వారం మా వీధిలో పాత మండువా ఇల్లొకటి పడగొట్టారు. ద్వారబంధాలు కొనడానికొచ్చిన అడితి యజమాని, బేరం మొదలుపెట్టేముందు వడ్రంగి చేత ఒక గుమ్మం మీద చిత్రిక పట్టించాడు. నల్లబడ్డ పైపొర లేచిపోగానే బంగారు రంగు చేవ బయటపడింది. నూనె వాసన గుప్పుమంది. "రంగం నుంచి వచ్చిన టేకండీ, ఇప్పుడు కొందామన్నా దొరకదు" అన్నాడు వడ్రంగి. రంగమంటే రంగూన్, అంటే అది బర్మా టేకన్నమాట. అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

పచ్చి చెక్కతో తలుపులు చేయించొద్దని నేను పెట్టే పోరు ఈ శీర్షిక పాఠకులకు కొత్త కాదు. కొట్టిన ఏడాదే కోసి, కోసిన నెలకే బిగించి, తొలకరికి తలుపు ఉబ్బిందని వగచే ఇళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. అందుకే ఆ రాత్రి బాంబే బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్ చరిత్ర మళ్ళీ చదివాను. మా వీధి గుమ్మం ఎవరు కొట్టించిన చెట్టుదో గానీ, బర్మా టేకు అనగానే ముందు తలుచుకోవలసిన పేరు అదే. 1863లో స్కాట్లండ్ వాలెస్ సోదరులు పెట్టిన ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది.

ఆ పని జరిగిన తీరు ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు. పచ్చి టేకు నీళ్ళలో తేలదు. అందుకని ముందు చెట్టు మొదట్లో చుట్టూ చేవ దాకా గాటు పెడతారు. పైకి నీరెక్కక చెట్టు నిలబడే చస్తుంది. రెండు మూడేళ్ళు అలాగే ఎండనిచ్చి, అప్పుడు కొడతారు. ఏనుగులు ఆ దుంగల్ని ఈడ్చుకెళ్ళి ఎండిన వాగుల్లో పడేస్తాయి. ఇక వాన కోసం ఎదురుచూపు. వాగు పొంగితే దుంగ కదులుతుంది, లేకపోతే మరుసటి ఏడే. పెద్ద నదికి చేరాక తెప్పలుగా కట్టి, ఐరావతి మీదుగా రంగూన్ కోత మిల్లులకు దింపేవారు. గొడ్డలి పడ్డ చెట్టు రంపం కిందికి రావడానికి ఏళ్ళు పట్టేది. దారిలో ఎవరి దుంగ ఎవరిదో తెలియడానికి సుత్తితో ముద్ర కొట్టేవారు. ఓపికంటే ఇదీ, మన కలప వ్యాపారులు ఆ సంస్థను చూసి నేర్చుకోవాలి అని రాద్దామనే కూర్చున్నాను.

కానీ ఆ ముద్రల లెక్క దగ్గరే నా కలం ఆగింది. బర్మా రాజు తీబా అడవుల్లో ఈ సంస్థకు కౌలు ఉండేది. కొట్టిన దుంగలెన్ని, సుంకం కట్టినవెన్ని అన్న దగ్గర తగువొచ్చింది. లెక్క తక్కువ చూపారంటూ 1885లో రాజసభ దాదాపు 23 లక్షల రూపాయల జరిమానా వేసింది. బ్రిటిష్ ప్రభుత్వం దాన్నే సాకుగా తీసుకుంది. రాజు ఫ్రెంచివాళ్ళకు దగ్గరవుతున్నాడన్న భయమూ దానికి తోడైంది. నవంబరులో సైన్యం ఐరావతి మీద ఎదురెక్కింది. నెల తిరక్కుండా మాండలే లొంగిపోయింది. 1886 జనవరి 1న దేశమంతా బ్రిటిష్ ఏలుబడిలోకి పోయింది. రాజును రత్నగిరికి పంపారు. 1916లో అక్కడే పోయాడు.

చెట్టు ఎండేదాకా మూడేళ్ళు ఆగిన సంస్థ వెనక, లెక్క తేలేదాకా మూణ్ణెల్లు ఆగని ప్రభుత్వం ఉంది. అడవి కౌలుకిచ్చిన రాజుకే సింహాసనం లేకుండా పోయింది. అడితివాడు తెచ్చిన డబ్బుకు నెలనెలా వడ్డీ కట్టాలి. అతని ముందు ఆ సంస్థను ఆదర్శంగా నిలబెట్టడానికి నాకు మనసు రావడం లేదు. చెక్క ఆరాలన్న నా పట్టు మాత్రం సడలలేదు. ఆరబెట్టినందుకు అయ్యే ఖర్చు కొనేవాడు భరించాలి, అంతే.

ఆ టేకు కథ ఇంకా ముగియలేదు. 2014లో మయన్మార్ దుంగల ఎగుమతి ఆపింది. 2021లో సైన్యం అధికారం లాక్కున్నాక అక్కడి ప్రభుత్వ కలప సంస్థ మీద అమెరికా, ఐరోపా యూనియన్ ఆంక్షలు పెట్టాయి. ఇల్లు కడుతూ బర్మా టేకు ఎక్కడ దొరుకుతుందని నన్నడిగే మిత్రులారా, పాత ఇళ్ళ దూలాలు దొరికితే కోయించుకోండి. దొరక్కపోతే మన వేప ఉంది. కోయించిన పలకల మధ్య పుల్లలు పెట్టి, గాలాడేలా నీడన పేర్చి, బాగా ఆరాకే వడ్రంగిని పిలవండి.